పనిలేని దినములకు భీమా

2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమునందు ఇసుకకు కరవు వచ్చినది. క్రొత్తగా అధికారమునకు వచ్చిన ప్రభుత్వము పాత పద్ధతిని త్రోసిపుచ్చి సెప్టెంబరు మాసమున నూతన విధానమును ప్రవేశపెట్టెను. ఆ దినములందే కృష్ణా గోదావరులు వరదలెత్తి ఇసుక రేవులు మునిగిపోయెను. ఇండ్ల కట్టడములు ఎక్కడి కక్కడ నిలిచిపోయినవి. నవంబరు నాటికి విశాఖపట్టణమునందును, విజయవాడయందును ప్రతిపక్షములవారు యాత్రలును దీక్షలును జరిపిరి. ఆ వాదములలో ఏ పక్షము చెప్పినది సత్యమో నిర్ణయించుట మా ఉద్దేశము గాదు. మాకు కావలసిన సంగతి యొక్కటే. తాపీపనివారు, వడ్రంగులు, ఇనుపకడ్డీలు వంచువారు, తట్టలు మోయు స్త్రీలు తెల్లవారుజామున అడ్డాకు వచ్చి, ప్రొద్దెక్కువరకు నిలిచి, వట్టిచేతులతో ఇండ్లకు మరలిపోయిరి. ఇది ఒక దినము గాదు, వారము గాదు, నెలల తరబడి జరిగినది. వీరు సోమరులు గారు. పనియందు లోపము చేసినవారును గారు. ఒక ప్రభుత్వపు ఉత్తరువును రెండు నదుల వరదయు కలిసి వీరి కూలిని హరించినవి. అట్టి సమయమున చట్టప్రకారము హక్కుగా వీరికి రావలసిన సొమ్ము ఎంతయని యడిగినచో, ఏమియు లేదనియే సమాధానము.

పనిలేనివానికి పైకమిచ్చుట యనగానే మనలో పలువురకు బిచ్చము జ్ఞప్తికి వచ్చును. ఆంగ్లేయులు సైతము తమ దేశపు నిరుద్యోగ భత్యమునకు ‘డోల్’ అను హీనమైన పేరు పెట్టి చాలకాలము ఎగతాళి చేసిరి. ఇల్లు తగులబడినవానికి భీమాసంఘము సొమ్ము చెల్లించినపుడు దానిని బిచ్చమని యెవ్వరు నందురు? అతడు ముందుగా చందా కట్టెను, ఆపద సంభవించెను, ఒడంబడిక ననుసరించి పైకము పుచ్చుకొనెను. నిరుద్యోగ భీమాయొక్క స్వరూపమును ఇంతియే. పనియున్న వారములలో పనివాడు కొంత, యజమాని కొంత, ప్రభుత్వము కొంత ఒక నిధిలో వేయుదురు. తన తప్పు లేక పనిపోయిన వారములలో పనివాడు దానినుండి కొంత తీసికొనును.

అట్లయిన ఈ భీమాను వర్తకులే యేల అమ్మరాదని కొందరు ప్రశ్నింతురు. ప్రాణమునకు భీమా కలదు, ఓడకు కలదు, మోటారుబండికి కలదు. కూలికి మాత్ర మేల లేదు? కారణములు రెండు. తన పని త్వరలో పోవునని ఎరిగినవాడే ఈ భీమాను కొనుటకు పరుగెత్తును, స్థిరమైన కొలువున్నవాడు దూరముగా నుండును. అందుచే చందా పెరుగును, పెరిగినకొలది మంచి ఖాతాదారులు మరింత తొలగిపోదురు. ఇక రెండవది. ఇల్లు కాలినపుడు ఊరిలో ఒకటి రెండిండ్లు కాలును గాని, వ్యాపారము మందగించినపుడు వేలకొలది పనులు ఒక్కసారిగ పోవును. అంత నష్టమును మోయగల వర్తకసంఘము లేదు. స్విట్జర్లండునందలి సెయింట్ గాలెన్ పట్టణమువారు 1895లో నిర్బంధ భీమాను పెట్టి చూచిరి. తరచుగా పనిపోవు వృత్తులవారికొరకు తాము చందాలు కట్టవలసివచ్చినదని స్థిరమైన పనిగలవారు మొరపెట్టుటచే 1897లోనే అది మూతబడినది. ఒక పట్టణపు గోడలలో ఇమిడెడు వ్యవహారము గాదిది. బెల్జియమునందలి ఘెంట్ నగరము 1901లో వేరొక త్రోవ త్రొక్కి, కార్మికసంఘములు తమ సభ్యులకొరకు నడపుకొను నిధులకు పురపాలక సంఘమునుండి సహాయద్రవ్య మిచ్చెను. స్వీడను, డెన్మార్కు, ఫిన్లండు దేశములందు నేటికిని ఆ పద్ధతి ఛాయలు నిలిచియున్నవి. బలమైన సంఘములు లేనిచోట అది వేళ్లూనదు.

జాతీయ ప్రభుత్వమే నిర్బంధముగా నడపిన మొదటి పెద్ద ప్రయత్నము ఇంగ్లండుది. ఆ చరిత్రను మేము కొంత విపులముగా వ్రాయుచున్నాము. మనలను పాలించిన ఆ జాతినుండి నేర్చుకొనదగిన వానిలో ఇది యొకటి; నేర్చుకొనక తప్పించుకొనదగిన పొరపాట్లును అందే యున్నవి.

1911వ సంవత్సరపు చట్టము మొదట గృహనిర్మాణము, ఓడల నిర్మాణము, యంత్రనిర్మాణము, ఇనుము పోతపోయుట మొదలగు కొన్ని వృత్తులలోని ఇరువదిరెండున్నర లక్షల మందికి మాత్రమే వర్తించెను. ఋతువునుబట్టియు, వ్యాపారపు పోటుపాటులనుబట్టియు పని హెచ్చుతగ్గులగు వృత్తులనే యేరి మొదలుపెట్టిరి. పనివాడు వారమునకు రెండున్నర పెన్నీలు, యజమాని రెండున్నర పెన్నీలు కట్టవలెను. ఆ రెండింటి మొత్తములో మూడవ వంతు ప్రభుత్వము కలుపును. పనిపోయినవానికి వారమునకు 7 షిల్లింగుల చొప్పున సంవత్సరములో 15 వారములకు మించకుండ ఇత్తురు. ఐదు వారములు చందా కట్టిన ఒక వారపు భత్యమునకు హక్కు. మొదటి వారమునకు ఏమియు రాదు. తానై పని మానుకొన్నవానికిని, దుష్ప్రవర్తనచే తొలగింపబడినవానికిని ఆరు వారములు నిలుపుదల. సమ్మెలో నున్నవానికి లేదు. ఇవన్నియు సోమరితనమునకు కట్టిన అడ్డుగోడలు.

వీటికన్నను మేము మెచ్చుకొనునవి మరి రెండు కలవు. ఒకటి, పని చూపు కచేరీలు. 1909 చట్టముచే ఏర్పడి 1910 ఫిబ్రవరిలో తెరవబడిన ఈ కచేరీలలో పనిలేనివాడు హాజరు వేయవలెను. తగిన పని యున్నచో కచేరీవారే చూపుదురు, దానిని నిరాకరించిన భత్యము పోవును. నిజముగా పనిలేనివా డెవ్వడో తెలిసికొనుటకు పని చూపుటకన్న మంచి పరీక్ష లేదు. రెండవది, తగవు తీర్చు పద్ధతి. భత్యము నిరాకరింపబడినవాడు గుమాస్తా దయపై ఆధారపడక, యజమానుల ప్రతినిధి యొకడు, పనివారి ప్రతినిధి యొకడు, మధ్యస్థుడైన అధ్యక్షు డొకడు గల పంచాయతీయెదుట చెప్పుకొనవచ్చును. న్యాయస్థానములందు మెలగువారమగుటచే మా కీ యేర్పాటు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది. అడుగుటకు చోటులేని హక్కు కాగితముపై హక్కు మాత్రమే.

ఇంతవరకు బాగుగనే యున్నది. 1920లో ఈ భీమాను వ్యవసాయమును గృహసేవను మినహాయించి దాదాపు కోటి పదునైదు లక్షల మందికి విస్తరింపజేసిరి. నిధిలో క్రొత్తవారి చందాలు నిండకముందే యుద్ధానంతరపు వర్తకము కుప్పకూలెను. 1921 నడిమికి పనిలేనివారి సంఖ్య ఇరువది లక్షలు దాటినది. చందాల లెక్క ననుసరించి 15 వారములతో భత్యము నిలిపివేయుటకు ధైర్యము చాలక, చట్టముపై చట్టము చేసి గడువు పొడిగించుచు పోయిరి. అయినను దానిని భీమా యనియే పిలిచిరి. ఆ పొడిగింపునకు ప్రతిగా పనివానిపై ఒక నిబంధనను మోపిరి. అతడు నిజముగా పనికొరకు వెదకుచున్నట్లు తానే రుజువు చేసికొనవలెను. లేని పనికొరకు ఒక మిల్లు గుమ్మమునుండి మరియొక మిల్లు గుమ్మమునకు నడచి, నడచితినని ఎట్లు రుజువు చేయగలడు? పని చూపి పరీక్షించుట కచేరీవారి బాధ్యతగా నుండినది. దానిని త్రిప్పి పనివాని నెత్తిన వేసిరి. ఈ నిబంధన క్రింద లక్షలకొలది అర్జీలు త్రోసివేయబడినవి. 1930లో గాని అది రద్దు కాలేదు.

1931 నాటికి నిధియొక్క అప్పు 10 కోట్ల పౌనులు దాటినది. ఆ యేటి ఆగస్టులో, భత్యమును నూటికి పదివంతులు తగ్గించుటయా మానుటయా యను ప్రశ్నపైననే ఇంగ్లండులోని కార్మికపక్షపు మంత్రివర్గము చీలిపోయెను. క్రొత్త మంత్రివర్గము పురుషుని వారపు భత్యమును 17 షిల్లింగులనుండి 15 షిల్లింగుల 3 పెన్నీలకు దించెను. చందాల హక్కు తీరినవారికి కుటుంబపు ఆదాయ పరీక్ష పెట్టిరి. కొడుకు సంపాదించుచున్నచో తండ్రి భత్యము తగ్గును. తండ్రికి భారము గాకూడదని కొడుకు ఇల్లు విడిచిపోవును. ఇంటి బీరువాను, కుర్చీని లెక్కించుటకు వచ్చు ఉద్యోగిని ఆ దేశపు శ్రామికులు రెండు మూడు తరములవరకు మరువలేదు.

ఆ సెప్టెంబరు మాసముననే గాంధిమహాత్ముడు లాంకషైరునకు పోయి, మన ఖద్దరు ఉద్యమమువలన పనిపోయినదని చెప్పుకొను మిల్లు పనివారిమధ్య కూర్చుండెను. ఆయన వారి కష్టమును చిన్నచేయలేదు. మీలో పనిలేనివారు 30 లక్షలు, మా దేశమున సంవత్సరములో సగము దినములు పనిలేనివారు 30 కోట్లకు సమీపము. మీ భత్యము సగటున 70 షిల్లింగులు, మావాని సగటు రాబడి నెలకు ఏడున్నర షిల్లింగులు, అను భావము వచ్చునట్లు వారికి నచ్చజెప్పెను. వారాయనను ఆదరముతో సాగనంపిరి. ఒక దేశపు నిరుద్యోగ భత్యము వేరొక దేశపు కూలికి తొమ్మిది రెట్లుండిన కాలమది. స్వరాజ్యము వచ్చిన ఇన్ని దశాబ్దముల పిమ్మట మన శ్రామికుని కూలి పెరిగినమాట నిజమే. పని పోయినపుడు మాత్రము అతని స్థితి ఆనాటికన్న ఎంతవరకు మారినదో ఇసుక లేని ఆ నెలలు చెప్పినవి.

ఇంగ్లండువారు 1934లో తమ తప్పును కొంత దిద్దుకొనిరి. చందాల ననుసరించి హక్కుగా వచ్చు భత్యమును ఒక నిధికిని, దీర్ఘకాలము పనిలేనివారి సహాయమును సామాన్య పన్నులనుండి నడచు మరియొక మండలికిని అప్పగించి, నిధి లెక్కలను కనిపెట్టుటకు బెవరిడ్జి అధ్యక్షుడుగా ఒక శాసనసమ్మతమైన సంఘమును నియమించిరి. ఇందు నిమిడియున్న సూత్రము మన శాసనకర్తలు గమనింపదగినది. భీమా మోయగలది అప్పుడప్పుడు వచ్చు సామాన్యమైన ఆపదను. ఒక పరిశ్రమయే కూలిపోయి, ఒక పట్టణమే సంవత్సరములకొలది పనిలేక పడియున్నచో, దానికి జాతియంతయు పన్నులనుండి బాధ్యత వహింపవలెను. ఈ రెంటిని ఒకే సంచిలో వేసిన భీమా దివాలాయెత్తును, సహాయము అవమానకరమగును.

ఇక ఈ భీమావలన దేశపు ఆర్థికస్థితికి లాభమా నష్టమా యను విచారణకు వత్తము. పనివాని కూలి ఆగినంతనే అతని యింటనే కాక వీథిలోని కిరాణా కొట్టునందును మార్పు కనబడును. మొదట నూనె తగ్గును, పిమ్మట పప్పు తగ్గును, అరువు చీటీలు పెరుగును. కొట్టువాడు మండీలో సరకు తక్కువ కొనును. మండీవాడు మిల్లునకు తక్కువ వ్రాయును. ఆ మిల్లులో మరి కొందరికి పనిపోవును. భీమా నిధి యున్నచోట ఈ గొలుసు మొదటి కడియమువద్దనే కొంత తెగును. మంచి సంవత్సరములలో చందాలు చేరుచుండును, చెడ్డ సంవత్సరములలో క్రొత్త చట్టము అక్కరలేకయే సొమ్ము తనంతట బయటకు పారును. వానలు కురిసినపుడు నిండి ఎండలలో తూము విప్పు మన చెరువులవంటిదే యిది. అమెరికాలో జోనతన్ గ్రూబర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1997లో ప్రకటించిన గణనలో, పనిపోయిన కుటుంబముల తిండిఖర్చు భీమా యుండుటచే నూటికి ఏడు వంతులు మాత్రమే తగ్గినదనియు, భీమా లేకున్నచో 22 వంతులు తగ్గియుండెడిదనియు తేల్చెను. ఆ పదునైదు వంతుల భేదము పిల్లల కంచములలోని అన్నము.

భత్యము వచ్చుచుండగా పని యెవడు వెదకును అను ఆక్షేపణ పాతది. దానిలో సత్యము బొత్తిగా లేదని మే మనము. భత్యపు గడువును ఒక వారము పెంచినచో పనిలేని కాలము సగటున ఒక దినముకన్న కొంచెమెక్కువగా పెరిగినట్లు 1990లో అమెరికాలో కాట్జ్, మేయరు అనువారు కనుగొనిరి. అయితే ఆ పెరుగుదల యంతయు సోమరితనమేనా? రాజ్ చెట్టి అను భారతసంతతి పండితుడు 2008లో ఇంకను లోతుగా పరిశీలించి, దానిలో నూటికి 60 వంతులు చేతిలో పైకము లేనివారు కొంత ఊపిరి పీల్చుకొని పని వెదకుకొనుటవలన కలిగినదని నిరూపించెను. ఆకలితో నున్న కమ్మరి, దొరికిన మొదటి పనియని రాళ్లు మోయుటకు పోయినచో, అతని నేర్పు అతనికిని దేశమునకును నష్టమే. నిలువ ధనము లేని మన పనివారియందు ఈ కారణమునకు ఇంకను బలమెక్కువ యుండునని మా నమ్మకము. 2020లో మహమ్మారి వేళ అమెరికా ప్రభుత్వము భత్యముపై వారమునకు 600 డాలర్లు అదనముగ నిచ్చెను. పనిలో నున్నప్పటి జీతముకన్న భత్యమే ఎక్కువయినవారు అందు సగమునకు మించియుండిరి. జూలై చివర ఆ అదనమును నిలిపివేసినప్పుడు పనులకు ఒక్కసారిగా జనము ఎగబడుదురని ఎదురుచూచిన వారికి ఆశాభంగమే కలిగినది.

అమెరికానుండి నేర్చుకొనదగిన మరియొక పాఠము యజమానులకు సంబంధించినది. విస్కాన్సిన్ రాష్ట్రము 1932లో ఆ దేశపు మొదటి చట్టమును చేసినపుడు, దాని వెనుక నున్న జాన్ కామన్సు అను ఆచార్యుని ఆలోచన చిత్రమైనది. ఎవడు ఎక్కువమందిని పనినుండి తొలగించునో అతడే ఎక్కువ చందా కట్టవలెను; అప్పుడు తొలగించుటకు ముందు రెండుమార్లు ఆలోచించును. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టము పిమ్మట ఈ పద్ధతి ఆ దేశమంతట వ్యాపించినది. యజమాని చందాకు పైమితి యుండుటచే, తరచుగా తొలగించువాడు తాను కలిగించు భారమంతయు కట్టడు. మిగిలినవా రతని కొరకు కట్టుదురు. బేరములేని నెలలో పనివారిని ఇంటికి పంపి, భత్యము నిధినుండి తినిపించి, బేరము వచ్చినపుడు మరల పిలుచుకొనుట లాభసాటి యగునని ఫెల్డ్‌స్టెయిన్ 1970లలోనే చూపెను. పోనీ యని యజమానిచే పూర్తిగా కట్టించినచో, అతడు తొలగించిన ప్రతివాని అర్జీని అడ్డగించుటకు వకీళ్లను పెట్టును. మా వృత్తివారికి అది మంచి కాలమే గాని పనివారికి గాదు. కావున తొలగింపులనుబట్టి చందా కొంతవరకు మారవలెను. అర్జీని ఆమోదించు అధికారము మాత్రము యజమాని చేతిలో నుండరాదు.

మన దేశమునకు వత్తము. రాజ్యాంగపు 41వ అధికరణము, రాజ్యముయొక్క ఆర్థికశక్తికి లోబడి, పనిచేయు హక్కును, నిరుద్యోగమునందు ప్రభుత్వ సహాయమును పొందు హక్కును చెప్పుచున్నది. ఇది నిర్దేశక సూత్రము. దీనిని చేతబట్టుకొని న్యాయస్థానమునకు పోవుటకు వీలులేదు. 1948లో చేసిన ఉద్యోగుల రాజ్యభీమా చట్టము రోగమునకు, ప్రసవమునకు, గాయమునకు భీమా కల్పించెను గాని నిరుద్యోగమును వదలివేసెను. 1953లో బట్టల మిల్లులలో సరకు పేరుకొని పనివారిని ఇండ్లకు పంపుచున్న కాలమున, పారిశ్రామిక వివాదముల చట్టమును సవరించి, తాత్కాలికముగ పని నిలిపినచో సగము వేతనమును, బొత్తిగా తొలగించినచో ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున పరిహారమును యజమానియే ఇయ్యవలెనని శాసించిరి. అప్పటికిది గొప్ప మేలే. లోపమెక్కడ ననగా, ఈ సొమ్ము ఇయ్యవలసినవాడు మునుగుచున్న యజమాని. కాగజ్‌నగరమునందలి సిర్పూరు కాగితపు మిల్లు 2014లో నిలిచిపోయి, వేరొక సంస్థ చేతిలోనికి వచ్చి మరల తెరచుకొనునప్పటికి 2018 వచ్చెను. అటువంటి నాలుగేండ్లలో మూతబడిన గేటుపై ఎంత హక్కు వ్రాసియున్న నేమి లాభము? యజమాని ఖజానాకు వేరుగా నిధి యుండవలెననుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఆ నిధిని 2005 ఏప్రిలులో రాజీవ్‌గాంధి పేరిట ఉద్యోగుల రాజ్యభీమా సంస్థ ఆరంభించినది. మిల్లు మూతబడి, లేక మిగులుగా తొలగింపబడి పనిపోయిన సభ్యులకు సగము వేతనము ఇయ్యసాగెను. 2018 జూలైలో అటల్ బిహారి వాజపేయి పేరిట మరియొక పథకమును చేర్చిరి. అది మొదట వేతనములో నాలుగవ వంతును 90 దినములవరకు, జీవితములో ఒక్కమారు మాత్రమే ఇచ్చెడిది. పనిపోయిన 90 దినములకు గాని మొదలుకాదు, అర్జీ పాత యజమానిద్వారా రావలెను. 2020లో దేశమంతయు మూతబడిన పిమ్మట దానిని సగము వేతనమునకు పెంచి, గడువును 30 దినములకు దించి, పనివాడే తిన్నగా అర్జీ పెట్టుకొనవచ్చుననిరి. ఈ సవరణలు సమంజసములు. అయితే పేర్లు మారుచు, దఫదఫాలుగ పొడిగింపబడుచు నడచిన ఈ పథకములు చట్టము గావు, అనుగ్రహములు. జీవితములో ఒక్కమారు మాత్రమే ఇల్లు కాలవచ్చునని నిబంధన పెట్టిన భీమాసంఘము నెచ్చటనైన చూచితిమా?

ఖర్చు భరింపరానిదని భయపడువారికొరకు చిన్న లెక్క చెప్పుదుము. నెలకు 15,000 రూపాయల జీతగాని పేరిట యజమాని, పనివాడు కలిసి నూటికి ఒక రూపాయి చొప్పున వేసిన నెలకు 150, ఏడాదికి 1,800 రూపాయలు. మూడు నెలలు సగము జీతము 22,500 రూపాయలు. అనగా పండ్రెండున్నరమంది చందా ఒక్కని పూర్తి భత్యమునకు చాలును. ప్రతి సంవత్సరము నూటికి ఎనిమిదిమంది పనిపోయి మూడు నెలలును ఖాళీగ నున్నను నిధి నిలుచును. కార్ఖానాల పనివారి విషయమున ఇది మోయరాని భారమెంతమాత్రము గాదు. చిలీ దేశమువారు 2002లో పెట్టిన పద్ధతిలో పనివానివి 0.6, యజమానివి 2.4 వంతులు. అందు చాలభాగము పనివాని సొంత ఖాతాకు పోయి, కొంత మాత్రము ఉమ్మడి నిధికి చేరును. అట్టిది మనకును తగును.

అసలు కష్టము కార్ఖానాలలో లేదు. మన పనివారిలో నూటికి 90 మందివరకు జీతపు చీటీ లేనివారు. ఉదయ మొక మేస్త్రీ, మరునాడు మరియొక మేస్త్రీ. వీరికి పని యెప్పుడు పోయినదో, పోయినదో లేదో, ఏ గుమాస్తా చెప్పగలడు? గ్రామములలో ఈ చిక్కును 2005 నాటి ఉపాధి హామీ చట్టము తెలివిగా విప్పజూచినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభింపబడిన ఆ పథకములో, పని యడిగినవానికి 15 దినములలో పని చూపవలెను. చూపలేకున్న మొదటి 30 దినములు కూలిలో నాలుగవ వంతుకును, పిమ్మట సగమునకును తగ్గకుండ నిరుద్యోగ భత్య మియ్యవలెను. పని చూపి పరీక్షించు పాత ఇంగ్లండు కచేరీ సూత్రమే యిది, అంతకన్న ఉదారము. కాని కూలి భారము కేంద్రముపైనను, భత్యపు భారము రాష్ట్రముపైనను పెట్టిరి. ఫలితమేమి? పని యడిగిన తేదీతో రసీదు ఇచ్చినగదా భత్యము ఇయ్యవలసివచ్చుట! రసీదే ఇయ్యలేదు. దేశమున ఆ భత్యము పుచ్చుకొన్నవారు మిక్కిలి అరుదు. చెల్లించువాడే సాక్షియైనచోట సాక్ష్య మిట్లే యుండును.

పట్టణములందలి కట్టడపు పనివారికి ఒక నిధి యిదివరకే కలదని ఎందరెరుగుదురు? 1996లో చేసిన చట్టముల క్రింద ప్రతి పెద్ద కట్టడపు ఖర్చుపై నూటికి ఒక రూపాయి సుంకము వసూలగుచున్నది. ఒక కోటి రూపాయల భవనమునకు లక్ష రూపాయలు. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోనికి ఆ చట్టములు చేరినను సుంకము నిలిచియున్నది. వివాహమునకు, ప్రసవమునకు, మరణమునకు ఆ నిధినుండి సహాయము చేయుచున్నారు గాని, చాల రాష్ట్రములలో పెద్దమొత్తములు ఖర్చుగాక పడియుండినవి. పనిలేని దినములకు ఇచ్చుట అసాధ్యము గాదని ఢిల్లీ నిరూపించినది. 2021 నవంబరులో గాలి కాలుష్యముచే అక్కడ కట్టడములు ఆపివేసినపుడు, ఆ సుంకపు నిధినుండి పనివారికి జీవనభృతి యియ్యవలెనని సుప్రీముకోర్టు ఆదేశించెను. అచటి ప్రభుత్వము తలకు 5,000 రూపాయలు ప్రకటించెను.

మేము కోరునది, ఆపద వచ్చినపుడు న్యాయస్థానమునకు పరుగెత్తనక్కరలేకుండ దీనిని శాశ్వతమైన నియమముగ జేయవలెననియే. కూలివా డొక్కొక్కడు తన పనిలేమిని రుజువు చేసికొనవలసిన పనిలేదు. జిల్లాలో కట్టడములను నిలిపిన ఉత్తరువు వెలువడెనా, ఇసుక రేవులనుండి పోవు సరకు ముందటి ఏటి ఆ మాసముతో పోల్చగా సగమునకు తగ్గెనా, వరద లేక వడగాలి హెచ్చరిక ఇన్ని దినములు నిలిచెనా, ఆ వారమునుండి నమోదైన ప్రతి పనివాని ఖాతాలోనికి ఒక నిర్ణీతమైన మొత్తము తనంతట పోవలెను. ఇంటివద్ద నుండి వేరు పని చేసికొన్నవానికి సైతము ఆ సొమ్ము చేరునుగదా యందురేమో. చేరనిండు, అతనిని కనిపెట్టుటకు ఉద్యోగులను పెట్టు ఖర్చు అంతకు మించును. ప్రకటన చేయు అధికారమును మాత్రము సొమ్ము చెల్లించు శాఖకు ఇయ్యరాదు. ఉపాధి హామీ రసీదుల కథ మరల జరుగును. వాన లెక్కలు, ఇసుక లెక్కలు, ఉత్తరువుల తేదీలు అందరికి కనబడునవే గనుక వానినే ఆధారము చేసికొనవలెను.

పాలమూరు పనివాడు పూనాలోను, శ్రీకాకుళపు పనివాడు చెన్నపట్టణమునందును గోడలు కట్టుచున్నారు. సుంకము ఆ రాష్ట్రముల నిధులలో చేరును, పేరు మాత్రము ఈ రాష్ట్రములలో నుండును, లేదా ఎచ్చటను ఉండదు. రాష్ట్రముల నిధులు ఒకదానితో నొకటి లెక్క చూచుకొను ఏర్పాటు లేనిదే వలసపోయినవానికి ఈ భీమా అందదు. మోటారుసైకిళ్లపై భోజనములు మోయు యువకులకొరకు, నడపు సంస్థల వ్యాపారములో నూటికి ఒకటి రెండు వంతులు నిధికి చేర్చవలెనని 2020 స్మృతియే చెప్పినది. వారి విషయము మరియొకమారు వ్రాయుదుము.

ఇవన్నియు జరుగుటకు ముందు జరుగవలసిన దొకటి మన చేతులలోనే యున్నది. నిధిలో పేరు నమోదగుటకు వయస్సు 18 మొదలు 60లోపుగ నుండి, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినట్లు ధ్రువపత్రము కావలెను. మేస్త్రీ సంతకము చేయుటకు జంకును, గుత్తేదారు తప్పించుకొనును, నిజమైన కూలివాడు బయట నిలుచును, ఎన్నడును తాపీ పట్టనివాని పేరు పట్టికలో చేరును. మన పట్టణములందలి పఠనమందిరములలో సాయంకాలము పత్రికలు చదువ వచ్చు విద్యావంతులు, వారములో ఒక దినము ఉదయము 6 గంటలకు సమీపపు అడ్డాకు పోయి, అర్జీలు పూర్తిచేసి, ఏటేట పునరుద్ధరణ తేదీలు వ్రాసిపెట్టుకొని, మండలికచేరీకి వారివెంట నడువగలరు. పట్టికలో పేరున్నవానికే రేపు భత్యమైనను, నేడు ప్రమాద పరిహారమైనను అందును.

మండలివారు తమ వంతుగా సంవత్సరాంతమున జిల్లాలవారీగ వసూలైన సుంకమెంత, పనివారికి చేరినదెంత, నిలువయున్నదెంత యను మూడు అంకెలను తెలుగులో అచ్చువేసి ప్రతి అడ్డావద్దను అంటింపవలెను.